నరాల డాక్టర్ కావాలంటే: అచ్చంపేట నుంచి అడిగిన తండ్రికి జవాబు

నాగర్‌కర్నూల్ జిల్లా అచ్చంపేట దగ్గరి ఊరి నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్నలివి. ఆయన బిడ్డ పదో తరగతి పాసై బైపీసీలో చేరబోతోంది. తాతకు పక్షవాతం వచ్చినప్పటి నుంచి న్యూరాలజిస్టునే అవుతానంటోంది. ఎన్నేళ్లు పడుతుంది, ఖర్చెంత, ఇంటర్‌కు విజయవాడ పంపాలా, అంత చదివాక మన జిల్లాల్లో ఆ చదువుకు పని ఉంటుందా అని అడిగారు.

అన్నా, ముందు విజయవాడ సంగతి తేల్చుకుందాం. మిగతావాటికి ఏళ్ల వ్యవధి ఉంది, దీనికి ఈ నెలే ఉంది. ఎంబీబీఎస్ కన్వీనర్ సీట్లకు, అంటే ర్యాంకును బట్టి తక్కువ ఫీజుతో ఇచ్చే సీట్లకు, మన రాష్ట్రంలో స్థానికత చూస్తారు. 2024లో మార్చిన నిబంధన ప్రకారం ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే 9, 10, ఇంటర్ రెండేళ్లు, తెలంగాణలోనే చదివి ఉండాలి. కోర్టుల్లో చాలా వాదనలు నడిచాక 2025లో సుప్రీంకోర్టు ఈ నిబంధనను సమర్థించింది. మీరు తరతరాలుగా నల్లమల అంచున ఉన్నవాళ్లే అయినా, బిడ్డ ఇంటర్ విజయవాడలోనో గుంటూరులోనో చదివితే ఆ స్థానికత చిక్కులో పడుతుంది. తల్లిదండ్రుల ఉద్యోగాన్ని బట్టి కొన్ని మినహాయింపులున్నాయి గానీ వ్యవసాయం చేసుకునే ఇంటికి అవి వర్తించవు. కాబట్టి ఇంటర్ ఇక్కడే చదివించండి. ఇంటర్ పాసయ్యాక ఒక ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్‌కు ఎక్కడికి పంపినా స్థానికతకు ఢోకా లేదు. దరఖాస్తు చేసే ఏడాది కాళోజీ హెల్త్ యూనివర్సిటీ ఇచ్చే నోటిఫికేషన్‌లో ఈ ఒక్క పేరా మాత్రం మీరే స్వయంగా చదవండి, కోచింగ్ సెంటర్ వాళ్ల మాట మీద వదలొద్దు.

ఇక కాలం లెక్క. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, హౌస్ సర్జన్సీ, అంటే దవాఖానలో శిక్షణ, ఒక ఏడాది, పీజీగా ఎండీ జనరల్ మెడిసిన్ మూడేళ్లు, ఆపైన సూపర్ స్పెషాలిటీ డిగ్రీ డీఎం న్యూరాలజీ మూడేళ్లు. ఎక్కడా ఆగకుండా సాగితే పదకొండున్నరేళ్లు. కానీ నడుమ నీట్ పీజీ, నీట్ సూపర్ స్పెషాలిటీ అనే రెండు పెద్ద పరీక్షలున్నాయి. ఒక్కోదానికి ఒక ఏడాది అదనంగా పోవడం మామూలే. పద్నాలుగేళ్లనుకుని ఇంటి ప్రణాళిక వేసుకోండి, అంతకు ముందే పూర్తయితే సంతోషం. బిడ్డ పెళ్లి మాట ఇంట్లో ఎప్పుడొస్తుందో కూడా ఈ లెక్క పక్కన పెట్టుకుని ఇప్పుడే మాట్లాడుకోవడం మంచిది. ఎండీ ఒకటో ఏడాదిలో డ్యూటీలు చాలా బరువుగా ఉంటాయి, ఆ ఏడాది మీద ఇంకే భారమూ పెట్టకండి.

న్యూరాలజిస్టు, న్యూరోసర్జన్ ఒకరు కాదు. మెదడు, వెన్నుపాము, నరాలు, కండరాల జబ్బులను పరీక్ష చేసి, మందులతో నయం చేసేది న్యూరాలజిస్టు. పుర్రె తెరిచి, వెన్నుపూసకు ఆపరేషన్ చేసేది న్యూరోసర్జన్. ఆ దారి ఎంఎస్ జనరల్ సర్జరీ, ఆపైన ఎంసీహెచ్. మనసుకు వచ్చే జబ్బులు సైకియాట్రీ కిందికొస్తాయి. మన దగ్గర మూడింటినీ కలిపి నరాల డాక్టర్ అనేస్తారు. బిడ్డకు ఇందులో ఏది ఇష్టమో హౌస్ సర్జన్సీ అయ్యేదాకా తెలియకపోయినా ఇబ్బంది లేదు.

ఎంబీబీఎస్ ప్రవేశ పరీక్ష నీట్ యూజీలో 180 ప్రశ్నలు, 720 మార్కులు: ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బోటనీ జువాలజీ కలిపి 90. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత. మన ఇంటర్ బోర్డు పుస్తకాలు బాగానే ఉంటాయి గానీ ఈ పరీక్షకు ఆధారం ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు. బయాలజీని అందులో వాక్యం వాక్యం చదవాలి, బొమ్మల కింద రాసిన పేర్లు కూడా వదలకూడదు. మన జిల్లాల పిల్లలు సీటు పోగొట్టుకునేది ఎక్కువగా ఫిజిక్స్‌లో. 8, 9 తరగతుల్లో లెక్కలు బలహీనంగా ఉండటం దానికి మూలం. లాగరిథమ్‌లు, వెక్టార్లు, గ్రాఫు చదవడం, ప్రమాణాలు మార్చడం: ఈ సెలవుల్లో రోజూ ఒక గంట వీటి మీద పెడితే ఇంటర్ మొదటి ఏడాది ఫిజిక్స్ సగం తేలికవుతుంది. ప్రశ్నపత్రం తెలుగులోనూ తీసుకోవచ్చు, పక్కన ఇంగ్లీషు కూడా ఉంటుంది. రెండింటికీ తేడా వస్తే ఇంగ్లీషు పాఠమే చెల్లుతుంది కాబట్టి తెలుగు మీడియం పిల్లలు కూడా సాంకేతిక పదాలను రెండు భాషల్లోనూ నేర్చుకోవాలి. ఎంబీబీఎస్ పుస్తకాలన్నీ ఎలాగూ ఇంగ్లీషే.

కాగితాల దగ్గర జారిపోయే సీట్లు నిజంగా బాధ కలిగిస్తాయి, ఎందుకంటే అక్కడ లోపం పిల్లల చదువులో ఉండదు. బీసీ కుటుంబమైతే రాష్ట్రం ఇచ్చే కులధ్రువీకరణ పత్రం రాష్ట్ర కౌన్సెలింగ్‌కే పనికొస్తుంది. ఆలిండియా కోటాకు, అంటే దేశమంతటికీ కలిపి నింపే సీట్లకు, కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం వేరుగా కావాలి, ఆ కులం కేంద్ర జాబితాలోనూ ఉండాలి. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాల) పత్రం ఆ ఆర్థిక సంవత్సరానిదే ఉండాలి, పాతది చెల్లదు. స్టడీ సర్టిఫికెట్లు ఒక్కో బడి నుంచి ఇప్పుడే తీసిపెట్టుకోండి. మూతపడిన ప్రైవేటు బడిలో చదివిన ఏడాది ఉంటే మండల విద్యాధికారి దగ్గర రికార్డు వెతికించాలి, దానికి వారాలు పడుతుంది. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంటే ఆధార్‌ను మెమోకు తగినట్టు మార్పించండి.

సర్కారు కాలేజీల సీట్లలో 15 శాతం ఆలిండియా కోటాకు పోతాయి, దాని కౌన్సెలింగ్ ఢిల్లీలోని మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ (ఎంసీసీ) చేస్తుంది. మిగతావి వరంగల్‌లోని కాళోజీ యూనివర్సిటీ నింపుతుంది. రెండింటికీ వేర్వేరుగా రిజిస్టర్ చేసుకోవాలి. బీబీనగర్ ఎయిమ్స్ సీట్లు మాత్రం పూర్తిగా ఎంసీసీ ద్వారానే. మీకు దగ్గరి సర్కారు కాలేజీలు ఇప్పుడు చాలానే ఉన్నాయి: మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్గొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి, నాగర్‌కర్నూల్, వనపర్తిల్లో 2022 నుంచి. ప్రైవేటులో నార్కట్‌పల్లిలో కామినేని, మహబూబ్‌నగర్‌లో ఎస్‌వీఎస్ ఉన్నాయి. ర్యాంకు వస్తే ఉస్మానియా, గాంధీ ముందు పెట్టండి. అక్కడ రోగుల రద్దీ, న్యూరాలజీ విభాగం రెండూ ఉన్నాయి. కొత్త కాలేజీ అయినా సర్కారుదైతే సందేహించకుండా తీసుకోండి. వెబ్ ఆప్షన్లు ఇచ్చేటప్పుడు బిడ్డకు నిజంగా కావలసిన వరుసలోనే పెట్టాలి. సీటు వచ్చాక వదిలేస్తే కట్టాల్సిన జరిమానా ప్రాస్పెక్టస్‌లో ఉంటుంది, ఆప్షన్లకు ముందే చూసుకోండి.

ఖర్చు విషయానికొస్తే తేడా అంతా సీటు రకంలోనే ఉంది. సర్కారు కాలేజీలో ఏడాది ట్యూషన్ ఫీజు పది వేల స్థాయిలో ఉంటుంది, హాస్టల్, మెస్, పుస్తకాలు కలిపినా రైతు కుటుంబం మోయగలదు. ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటా, అంటే ఏ కేటగిరీ, అరవై వేల స్థాయి. అదే కాలేజీలో బీ కేటగిరీ, అంటే మేనేజ్‌మెంట్ కోటా అయితే ఏడాదికి పది లక్షలు దాటుతుంది, సీ కేటగిరీ, అంటే ఎన్‌ఆర్‌ఐ కోటా ఇంకా ఎక్కువ. అర్హత ఉన్నవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది గానీ ఆ డబ్బు ఆలస్యంగా వస్తుందనుకునే లెక్క వేసుకోవాలి. నా సలహా సూటిగా చెబుతా: బీ కేటగిరీ కోసం పొలం అమ్మకండి. న్యూరాలజిస్టు సంపాదన మొదలయ్యేది ముప్పై ఏళ్ల వయసు దాటాకే. అప్పటిదాకా వడ్డీ పెరుగుతూ ఉంటే, ఆ ఒత్తిడికి పిల్లలు ఎంబీబీఎస్‌తోనే ఆగిపోయి ఏదో ఒక ఉద్యోగం చూసుకుంటారు. దానికంటే ఒక ఏడాది లాంగ్ టర్మ్ చదివించి కన్వీనర్ సీటుకు ప్రయత్నించడం మేలు. ఆ ఒక ఏడాదితో మార్కులు గట్టిగా పెరగకపోతే మాత్రం రెండో, మూడో ఏడాది అని లాగొద్దు. విదేశాల్లో చదవాలన్నా నీట్ అర్హత తప్పదు. అక్కడ కనీసం 54 నెలల కోర్సు, 12 నెలల ఇంటర్న్‌షిప్ ఒకే విద్యాసంస్థలో ఇంగ్లీషు మాధ్యమంలో చేయాలి, తిరిగొచ్చి విదేశాల్లో చదివినవాళ్లకు పెట్టే ఎఫ్ఎంజీఈ పరీక్ష పాసవ్వాలి. ఏజెంటు చెప్పే ఫీజు మీద కాక ఈ షరతుల మీద నిర్ణయించుకోండి.

హౌస్ సర్జన్సీ నుంచి స్టైపెండ్ వస్తుంది. 2025లో పెంచాక మన సర్కారు కాలేజీల్లో హౌస్ సర్జన్లకు నెలకు ముప్పై వేలకు కొంచెం తక్కువ, పీజీలకు అరవై వేల పైన, సూపర్ స్పెషాలిటీ చదివేవాళ్లకు లక్ష దాటి అందుతోంది. అంటే ఎంబీబీఎస్ దాటితే, సర్కారు సీటైతే, ఇంటి మీద బరువు దాదాపు ఉండదు.

ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలోనే న్యూరాలజీ మొదలవుతుంది. చాలామంది పిల్లలు అక్కడే దాన్ని వదిలేస్తారు. అనాటమీలో మెదడు కాండం అడ్డుకోతల బొమ్మలు, వెన్నుపాము దారులు కష్టంగా ఉంటాయి, పరీక్షలో వాటికి కొద్ది మార్కులే కదా అని దాటేస్తారు. మీ బిడ్డ మూడు నరాల దారులను చేత్తో గీయడం నేర్చుకుంటే చాలు. కదలికల దారి, మెదడు కాండంలో అడుగున ఉండే మెడుల్లా కింది భాగంలో అవతలి వైపుకు దాటుతుంది. నొప్పి, వేడి చలి తెలిసే దారి వెన్నుపాములోకి వచ్చిన చోటుకు దగ్గర్లోనే దాటుతుంది. కీళ్ల స్థితి, కంపనం తెలిసే దారి వచ్చిన వైపే పైదాకా వెళ్లి మెడుల్లాలో దాటుతుంది. ఈ మూడు దారులూ దాటే చోట్లు వేరు కావడం వల్లే వెన్నుపాము సగం దెబ్బతింటే ఒక కాలు చచ్చుబడి, రెండో కాలికి నొప్పి తెలియకుండా పోతుంది. ఇది బొమ్మగా మనసులో ఉన్న డాక్టర్‌కు స్కానింగ్ రాకముందే జబ్బు ఎక్కడుందో తెలుస్తుంది.

రెండో ఏడాది నుంచి వార్డుకు వెళ్లేటప్పుడు జేబులో ఐదు వస్తువులుండాలి: రిఫ్లెక్స్ హామర్, 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్, పెన్ టార్చి, దూది, మొన ఉన్న పుల్లలు. సూది వాడకూడదు, పుల్లను ఒక రోగి తర్వాత పారేయాలి. ఐదో ఏడాదికి ఆఫ్తాల్మోస్కోప్‌తో కంటి లోపలి నరం చూడటం రావాలి. తలలో ఒత్తిడి పెరిగిందా అన్నది అక్కడ కనిపిస్తుంది, అది చూడకుండా నడుము దగ్గర వెన్నులోంచి నీరు తీస్తే ప్రాణానికే ప్రమాదం రావచ్చు.

కేస్ రాసేటప్పుడు రెండు విషయాలు తేలాలి: దెబ్బ ఎక్కడ, దానికి కారణమేంటి. కారణానికి మొదటి ఆధారం జబ్బు వచ్చిన వేగం. క్షణాల్లో, నిమిషాల్లో వస్తే రక్తనాళం. గంటల నుంచి రోజుల్లో వస్తే ఇన్ఫెక్షన్ లేదా వాపు. వారాలు, నెలలు పడితే గడ్డ లేదా టీబీ. ఏళ్ల తరబడి మెల్లగా పెరిగితే కణాలు క్షీణించే జబ్బులు. దెబ్బ ఎక్కడుందో తెలియాలంటే రోగి రోజువారీ పనులు అడగాలి. చెప్పు కాలి నుంచి జారుతోందా? జారుతున్నట్టు తెలుస్తోంది గానీ పట్టుకోలేకపోతే పాదంలో బలహీనత. జారిందని తెలియనే తెలియకపోతే స్పర్శ పోయింది. దొడ్డికి కూర్చుంటే లేవలేకపోవడం, తల మీదికి బిందె ఎత్తలేకపోవడం తొడలు, భుజాల కండరాల సంగతి. అన్నం కలపలేకపోవడం, గుండీ పెట్టుకోలేకపోవడం చేతి వేళ్ల సంగతి. పొద్దున ముఖం కడుక్కుంటూ కళ్లు మూయగానే తూలితే కీళ్ల స్థితి తెలిపే దారి దెబ్బతింది. మన ఊళ్ల బతుకు తెలిసిన పిల్లలకు ఈ ప్రశ్నలు అడగడం సహజంగా వస్తుంది. నగరంలో పుట్టి పెరిగినవాళ్లు వీటిని ప్రయత్నపూర్వకంగా నేర్చుకోవాలి. ఈ బలాన్ని మీ బిడ్డ తక్కువగా చూడకూడదు.

హౌస్ సర్జన్సీ ఏడాదిని పూర్తిగా నీట్ పీజీ కోచింగ్‌కు ఇచ్చేయడం ఇప్పుడు అలవాటైంది. డ్యూటీలో పేరు వేయించుకుని గదిలో ప్రశ్నలు చేసుకుంటారు. నీట్ పీజీలో 200 ప్రశ్నలు, 800 మార్కులు. అందులో చాలా ప్రశ్నలు ఒక రోగి వర్ణనతోనే మొదలవుతాయి. మెడిసిన్, ఎమర్జెన్సీ పోస్టింగుల్లో నిజంగా పనిచేస్తే ఆ ప్రశ్నలు చదవగానే అర్థమవుతాయి. ఆ రెండు పోస్టింగులు వదలకుండా, తేలికగా ఉండే మిగతా పోస్టింగుల్లో చదువుకోవడం సరైన పద్ధతి.

పీజీలో ఎండీ జనరల్ మెడిసిన్ లేదా అదే సబ్జెక్టులో దానికి సమానమైన డీఎన్‌బీ తీసుకోవాలి. ఎండీ పీడియాట్రిక్స్ చేసినవాళ్లకూ డీఎం న్యూరాలజీకి అర్హత ఉంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఎంబీబీఎస్ తర్వాత నేరుగా డీఎం న్యూరాలజీలో చేరే దారి కూడా ఉంది, దానికి ఎయిమ్స్ లాంటి కేంద్ర సంస్థల పీజీ ప్రవేశ పరీక్ష ఐఎన్ఐ సెట్ రాయాలి. ఆ సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని, దాన్ని నమ్ముకుని నీట్ పీజీని పక్కన పెట్టకూడదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. నీట్ సూపర్ స్పెషాలిటీలో 150 ప్రశ్నలు, 600 మార్కులు. అవన్నీ జనరల్ మెడిసిన్ మొత్తం నుంచి వస్తాయి, న్యూరాలజీ అందులో ఒక భాగమే. గుండె, కిడ్నీ, లివర్, షుగర్, ఇన్ఫెక్షన్లు అన్నీ సమానంగా వచ్చినవాళ్లకే న్యూరాలజీ సీటు దొరుకుతుంది. జబ్బులూ అలాగే ఉంటాయి. పక్షవాతానికి కారణం గుండె లయ తప్పడం కావచ్చు, ఫిట్స్‌కు కారణం సోడియం పడిపోవడం కావచ్చు. అందుకే న్యూరాలజీ మీద ప్రేమతో ఎండీలో మిగతా వార్డులను చిన్నచూపు చూసేవాళ్లు రెండు విధాలా నష్టపోతారు. తీసిస్ మొదటి ఏడాదే మొదలుపెట్టి రెండో ఏడాది చివరికి రోగుల వివరాల సేకరణ పూర్తిచేస్తే మూడో ఏడాది చదువుకు మిగులుతుంది.

డీఎం మన రాష్ట్రంలో హైదరాబాద్‌లోని నిమ్స్, ఉస్మానియా, గాంధీల్లో ఉంది. బయట ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ, నిమ్హాన్స్, పుదుచ్చేరి జిప్మర్ లాంటి చోట్ల ఆ సంస్థల సూపర్ స్పెషాలిటీ పరీక్ష ఐఎన్ఐ ఎస్ఎస్ ద్వారా చేరాలి. జాతీయ పరీక్షల బోర్డు నడిపే డీఆర్‌ఎన్‌బీ న్యూరాలజీ కూడా మూడేళ్ల కోర్సే, దానికీ డీఎంకు ఉన్న గుర్తింపే ఉంది. చేరే చోట చూసుకోవలసినవి: రాత్రిపూట స్ట్రోక్ (పక్షవాతం) కేసులు వస్తాయా, ఈఈజీలను (మెదడు విద్యుత్ సంకేతాల పరీక్ష), నరాల్లో సంకేతాలు ఎలా వెళ్తున్నాయో చూసే కండక్షన్ పరీక్షలను విద్యార్థులే స్వయంగా చేస్తారా, కండరం బయాప్సీ చూసే పాథాలజిస్టు ఉన్నారా. టెక్నీషియన్ తీసిన రిపోర్టు మీద సంతకం పెట్టడం మాత్రమే నేర్పే చోట మూడేళ్లు వృథా. డీఎం తర్వాత ఎపిలెప్సీ, స్ట్రోక్, పార్కిన్సన్స్ వంటి కదలికల జబ్బుల్లో ఫెలోషిప్‌లున్నాయి, అవి ఐచ్ఛికం.

చివరి ప్రశ్న, మన జిల్లాల్లో పని ఉంటుందా అని. ఉంటుంది, అన్నా. న్యూరాలజిస్టులంతా హైదరాబాద్‌లో గుమిగూడటం వల్లే మన దగ్గర పక్షవాతం రోగులు కాళ్లూ చేతులూ పోగొట్టుకుంటున్నారు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి, అంతకు ముందు సీటీ స్కాన్ తీసి రక్తస్రావం లేదని నిర్ధారించుకోవాలి. అచ్చంపేట నుంచి హైదరాబాద్ దారికే రెండు గంటల పైన పోతుంది. ఊళ్లో ఎవరికి చెప్పాలో, బండి ఎవరిదో అని తర్జనభర్జన పడటంలో మిగతా సమయం గడిచిపోతుంది. జిల్లా కేంద్రంలో సీటీ, ఇంజెక్షన్, దాన్ని ఇచ్చే ధైర్యమున్న డాక్టర్, ఈ మూడూ ఒక చోట ఉంటే కథే వేరు.

నల్గొండ ఫ్లోరైడ్ గురించి వేరే చెప్పాలా! తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీరు దొరకని చోట గరిష్ఠంగా ఒకటిన్నర. మర్రిగూడ, మునుగోడు వైపు బోర్లలో దాన్ని మించి ఉండటంతో తరాలు నష్టపోయాయి. పళ్ల మీద గారలు, వంగిన ఎముకలు అందరూ చూస్తారు. వెన్నుపూసల మధ్య లిగమెంట్లు (ఎముకలను కట్టి ఉంచే పట్టీలు) ఎముకగా మారి వెన్నుపామును నొక్కడం, దానివల్ల కాళ్లు కర్రల్లా బిగుసుకుపోవడం చాలాసార్లు ముసలితనమనో వాతమనో వదిలేస్తారు. ముంజేయి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనిపిస్తే అనుమానం బలపడుతుంది. ఎంఆర్ఐ తీసి, నొక్కుడు ఎక్కువగా ఉంటే ఆపరేషన్‌కు పంపాలి. హైదరాబాద్ న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి ఈ జబ్బు నరాలకు చేసే హాని మీద చేసిన పరిశోధన మన ప్రాంతంలో పనిచేయబోయే ప్రతి న్యూరాలజిస్టూ చదవాలి. ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నా, పాత నీళ్లు తాగి పెరిగినవాళ్లు ఇంకా దవాఖానకు వస్తూనే ఉంటారు.

పాలమూరు వైపు ఫిట్స్‌తో వచ్చిన పెద్దవాళ్లను కల్లు గురించి అడగకుండా వదలకూడదు. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు. అలవాటున్న మనిషికి అది హఠాత్తుగా దొరక్కపోతే రెండు మూడు రోజుల్లో వణుకు, పొంతన లేని మాటలు, ఫిట్స్ వస్తాయి. పురుగుమందు తాగి బతికి బయటపడ్డవాళ్లకు ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ నిలపలేకపోవడం మొదలైతే ఊపిరి కూడా ఆగబోతుందని గుర్తు. వార్డు నుంచి ఐసీయూకు మార్చాలి. నేల మీద పడుకుని తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోయి, మాట ముద్దగా వచ్చే రోగికి కట్లపాము కాటు పడి ఉండవచ్చు. దాని కాటుకు నొప్పి, వాపు పెద్దగా ఉండవు కాబట్టి పక్షవాతమనుకునే ప్రమాదం ఉంది. ఇలాంటి కేసులను చదివినవాళ్ల కంటే చూసినవాళ్లే త్వరగా పట్టుకుంటారు, మన మెడికల్ కాలేజీల వార్డుల్లో ఇవి రోజూ ఉంటాయి.

డీఎం అయ్యాక తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లో అదనపు డిగ్రీని నమోదు చేయించుకోవాలి. సర్కారు మెడికల్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరవచ్చు, లేదా జిల్లా కేంద్రంలో సొంతంగా పెట్టుకోవచ్చు. సొంతంగా అయితే మొదట కావలసింది ఈఈజీ యంత్రం, నరాల కండక్షన్, ఈఎంజీ (కండరాల విద్యుత్ పరీక్ష) చేసే యంత్రం, 24 గంటలూ సీటీ తీసే సెంటర్‌తో ఒప్పందం, ఫిజియోథెరపిస్టు. ఎంఆర్ఐ సొంతంగా కొనాల్సిన పని లేదు. స్ట్రోక్ కేసులు తీసుకోవాలనుకుంటే మాత్రం వెంటిలేటర్ ఉన్న ఐసీయూ, రాత్రి డ్యూటీ డాక్టర్, పెద్ద రక్తనాళం మూసుకుపోయిన రోగిని గడ్డ బయటికి లాగే చికిత్సకు హైదరాబాద్ పంపడానికి ముందే మాట్లాడిపెట్టుకున్న అంబులెన్స్, ఇవి మూడూ కుదిరాకే మొదలుపెట్టాలి.